డెన్వర్ నదిలో బంగారు తీగ: సీజన్ మొదట్లో ఫ్లై ఫిషింగ్, నా అనుభవం

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో కార్ప్ చేపను పట్టడానికి నిషేధ కాలమేదీ లేదు. కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ఇచ్చే వార్షిక లైసెన్సు మార్చి 1న మొదలై మరుసటి ఏడాది మార్చి 31 వరకు చెల్లుతుంది కాబట్టి, కాగితం మీద చూస్తే సీజన్ మార్చిలోనే మొదలైనట్టు. డెన్వర్ నగరం నడిబొడ్డున పారే సౌత్ ప్లాట్ నదిలో మాత్రం సీజన్ ఎప్పుడు మొదలవుతుందో చెప్పేది నీటి వేడి. నీరు 10 డిగ్రీల సెల్సియస్ దాటేవరకు పెద్ద చేపలు లోతైన మడుగుల అడుగున దాదాపు కదలకుండా పడి ఉంటాయి. ఆ వేడి దాటి, వరుసగా కొన్ని రోజులు ఎండ కాస్తే, అవి మోకాలి లోతు నీళ్ళలోకి వచ్చి మేత వెతకడం మొదలుపెడతాయి. మే నెల నడిమికల్లా కొండల మీద మంచు కరిగి కొత్తనీరు దిగుతుంది, నది కలకబారుతుంది, చేప కంటికి కనబడదు. ఈ రెండింటి నడుమ దొరికే కొద్ది వారాలే నాకు సంవత్సరమంతటిలోకీ ఇష్టమైన కాలం. ఈ ఏడాది ఆ కాలంలో నేను చేసిన పనిని, చూసినదాన్ని చూసినట్టుగా ఇక్కడ రాస్తున్నాను.

తెలుగువారికి కార్ప్ కొత్త చేపేమీ కాదు. మన చెరువుల్లో బంగారు తీగ అని పిలిచేది దీన్నే. మాది కైకలూరు దగ్గర పల్లె, మా నాన్నగారు చేపల చెరువు చేసేవారు. బొచ్చె పైనీటిలో, శీలావతి నడిమి నీటిలో, ఎర్రమోసు, బంగారు తీగ అడుగున మేస్తాయన్నది మా ఇంట్లో పిల్లలకు కూడా తెలిసిన విషయం. నాన్నగారికి బంగారు తీగ అంటే అంత ఇష్టం ఉండేది కాదు. అది మేత కోసం అడుగు మట్టిని, గట్టు మొదళ్ళను మూతితో తవ్వేస్తుంది. దానివల్ల గట్టు బలహీనపడుతుంది, నీరు కలక అవుతుంది. రైతుకు చికాకు కలిగించే ఆ తవ్వే గుణం మీదనే ఈ చేపకు చేసే ఫ్లై ఫిషింగ్ అంతా ఆధారపడి ఉంది. ఫ్లై అంటే గాలానికి ఈకలు, దారం కట్టి, చేప తినే పురుగులా కనబడేట్టు చేసిన ఎర. తల కిందికి వంచి మట్టిలో మూతి పెట్టిన చేప మేస్తున్న చేప, మేస్తున్న చేప ముందుకు మాత్రమే ఫ్లైని పంపాలి.

అమెరికాకు కూడా ఈ చేప వలస వచ్చినదే. 1877లో, స్పెన్సర్ బెయర్డ్ అధిపతిగా ఉన్న అమెరికా ఫిష్ కమిషన్ దీన్ని జర్మనీ నుంచి తెప్పించి, బాల్టిమోర్‌లోని చెరువుల్లో పెట్టి, తర్వాత రైళ్ళలో అనేక రాష్ట్రాలకు పంచింది. తినే చేపగా ఎంతో ఆశపడి తెచ్చుకున్న దాన్ని కొన్ని దశాబ్దాలకే పనికిమాలిన చేపగా చూడడం మొదలుపెట్టారు. నీటి మొక్కలను పెళ్ళగించి, నీటిని బురద చేసి, స్థానిక చేపలకు చేటు చేస్తుందన్న ఫిర్యాదులో నిజం ఉంది. అయితే వంతెనల కింద, కాంక్రీటు గోడల నడుమ, వేసవిలో ట్రౌట్ చేప తట్టుకోలేనంతగా వేడెక్కే నీటిలో బతికి, బలిసి, మనిషి అడుగుల చప్పుడును గట్టు మీద ఉండగానే పసిగట్టే ఈ చేపను చెత్త చేప అనడం నాకు ఎప్పుడూ ఒప్పుదల కాలేదు. డెన్వర్‌లో, ట్రౌట్ చేపల నదులను కాపాడే ట్రౌట్ అన్‌లిమిటెడ్ అనే సంస్థ శాఖవారే కార్ప్ స్లామ్ పేరుతో ఈ చేపను పట్టే పోటీ పెట్టి, దానిమీద వచ్చిన డబ్బును నది బాగుసేతకు వాడతారన్న సంగతి తెలిసినప్పుడు నాకు చాలా సంతోషమైంది.

సామగ్రి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. నాది 9 అడుగుల పొడవున్న ఏడవ నంబరు రాడ్ (నంబరు పెరిగేకొద్దీ రాడ్ బలం పెరుగుతుంది). ఆరు నుంచి ఎనిమిది వరకు ఏ నంబరైనా సరిపోతుంది. నీటిపై తేలే లైన్, దాని చివర లీడర్ అనే 10 అడుగుల సన్నని దారం, ఆ కొసన ఫ్లైని కట్టడానికి నాలుగైదు కిలోల లాగుడుకు ఆగే టిప్పెట్ అనే ఫ్లోరోకార్బన్ దారం కట్టుకుంటాను. రీల్‌కు నమ్మకమైన డ్రాగ్, అంటే చేప లాగినప్పుడు లైన్‌ను అదుపుగా వదిలే బిగింపు, ఉండాలి, ఎందుకంటే ట్రౌట్ చేపను చేత్తో లైన్ లాగి దగ్గరకు తెచ్చుకున్నట్టు ఈ చేపను తెచ్చుకోలేము. ఇవన్నీ ఒక ఎత్తయితే, పోలరైజ్డ్ కళ్ళద్దాలు మరొక ఎత్తు. రాడ్ విషయంలో రాజీపడినా ఫరవాలేదు కాని, నీటి మీది మెరుపును కోసి అడుగును చూపించే రాగిరంగు అద్దాల విషయంలో రాజీపడకూడదని కొత్తవారికి గట్టిగా చెబుతాను.

ఫ్లైల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఈ చేప సీజన్ మొదట్లో తినేది చాలామట్టుకు అడుగున దొరికే మేతే: బురదలోని పురుగుల లార్వాలు, వానపాములు, జలగలు, రాళ్ళ సందుల్లో దాగే, రొయ్య లాంటి క్రేఫిష్. అందుచేత ఫ్లై నెమ్మదిగా, నిటారుగా మునగాలి, అడుగున పడ్డాక రాళ్ళకు తగులుకోకూడదు, చిన్న కదలికకే ప్రాణమున్నట్టు ఆడాలి. కొలరాడోకే చెందిన జే జిమ్మర్‌మన్ రూపొందించిన బ్యాక్‌స్టాబర్ అనే ఫ్లైలో ఈ మూడు లక్షణాలూ ఉన్నాయి. గాలం కంటి దగ్గర గొలుసు పూసలు రెండు కళ్ళలా కట్టి ఉంటాయి. ఆ బరువుకు గాలం తిరగబడి మొన పైకి ఉండేలా దిగుతుంది. తోకగా కట్టిన మరాబూ అనే దూదిలాంటి ఈక, మెడ చుట్టూ చుట్టిన మెత్తని కోడి ఈక నీటి కదలికకే విచ్చుకుంటూ ముడుచుకుంటూ ఉంటాయి. చలికాలం రాత్రుళ్ళు నేను వీటిని కొన్ని నల్లవి, కొన్ని తుప్పురంగువి కట్టుకున్నాను. గాలం మొన దగ్గరి ఎదురుముల్లును పట్టుకారుతో నొక్కి చదును చేయడం నాకు అలవాటు. చేప మూతికి గాయం తగ్గుతుంది, గాలం తీయడం క్షణంలో పని. లైన్‌ను బిగువుగా ఉంచినంతసేపు ఎదురుముల్లు లేనంతమాత్రాన చేప జారిపోదు.

ఏప్రిల్‌లో డెన్వర్ వాతావరణాన్ని నమ్మడానికి వీలుండదు. ఒకరోజు మంచు పడి, మరునాడు చొక్కా చేతులు మడుచుకునేంత ఎండ కాస్తుంది. అందువల్ల రెండు మూడు రోజులు వరుసగా ఎండ ఉండేలా చూసుకుని, నదుల నీటిని కొలిచే ప్రభుత్వ సంస్థ యూఎస్‌జీఎస్ వారి ప్రవాహ లెక్కలు చూసి, నగరంలో నీరు 200 క్యూసెక్కులకు మించని ఉదయాన బయలుదేరాను. నేను ఎంచుకున్నది ఎవాన్స్ అవెన్యూ దగ్గరి గ్రాంట్ ఫ్రాంటియర్ పార్కు ప్రాంతం. నదిని అక్కడ కొంత బాగుచేసి, మనుషులు నీటిదాకా దిగడానికి వీలుగా మలిచారు. ఆ ఒడ్డును ఎంచుకోవడానికి మరొక కారణం ఉంది. సౌత్ ప్లాట్ ఇక్కడ ఉత్తరానికి పారుతుంది. పార్కు ఉన్నది తూర్పు ఒడ్డున. ఉదయం పూట ఆ ఒడ్డు మీద నిలబడితే సూర్యుడు వీపు వెనక ఉంటాడు, ఎదుటి నీరు అడుగుదాకా కనబడుతుంది. చేప సాధారణంగా ప్రవాహానికి ఎదురు తల పెట్టి ఉంటుంది కాబట్టి, దిగువ నుంచి ఎగువకు, అంటే దక్షిణం వైపుగా నడిస్తే దాని వెనక నుంచి చేరినట్టవుతుంది. ఇక మధ్యాహ్నం అయ్యేసరికి సూర్యుడు సరిగ్గా ఆ దక్షిణానికే వస్తాడు, ఎదురుగా నీరంతా తళతళలాడి ఏమీ కనబడదు. కనుక పదకొండు గంటలలోపే అసలు పని అయిపోవాలి.

ఈ వేటలో ఎక్కువ సమయం పోయేది చూడడంలోనే. రాడ్ చంకలో పెట్టుకుని, నీటి అంచుకు నాలుగడుగుల వెనకగా, కాలు మెల్లగా మోపుతూ నడవాలి. ఈ జాతి చేపల గాలితిత్తిని లోపలి చెవితో కలిపే చిన్న ఎముకల గొలుసు ఉంటుంది. అందువల్ల గులకరాళ్ళ మీద బూటు చేసే కరకర కూడా దానికి వినబడుతుంది. దిగే ముందు థర్మామీటరు నీటిలో పెట్టి చూస్తే 12 డిగ్రీలు చూపింది. సరిపోతుందనుకుని కదిలాను. మొదట కనబడినవి ఎండ కాచుకుంటున్న చేపలు. వంతెన నీడ దాటిన చోట, నీటి పైభాగాన, వీపులు దాదాపు తేలేట్టుగా నిలబడి ఉన్నాయి. అంత పెద్ద చేపలు అంత దగ్గరగా కనబడితే ఎవరికైనా చెయ్యి ఊరుకోదు. కాని అవి మేయవు. వాటి మీదకు లైన్ విసిరితే బెదిరి పారిపోవడమే కాక, దారిలో ఉన్న మిగతా చేపలను కూడా బెదరగొడతాయి. ఈ జాతి చేపల చర్మానికి గాయమైతే ఒక రసాయనం నీటిలోకి విడుదలై, పక్కనున్న చేపలు దాన్ని పసిగట్టి చెదిరిపోతాయి. గాయం లేకపోయినా ఒకటి దడుచుకుని తోక కొట్టి దూసుకుపోతే గుంపంతా దాని వెంటే పోతుంది. వాటిని అలాగే వదిలి, గట్టు మీదకు ఎక్కి, చుట్టు తిరిగి ముందుకు పోయాను. ఏ చేపను వదిలేయాలో తెలుసుకోవడం, లైన్ దూరంగా విసరడం కన్నా కష్టమైన విద్య అని నా అభిప్రాయం.

ఈదుతూ పోయే చేపలు రెండో రకం. అవి ఒక తోవ పట్టుకుని వెళ్తుంటాయి, ఎప్పుడో ఒకటి ఫ్లైని చూసి ఆగుతుంది. మనకు కావలసినది మూడో రకం, మేసే చేప. దాన్ని గుర్తుపట్టడంలో నాకు పనికివచ్చినది చెరువు గట్టు చదువే. కిందటి శీతాకాలంలో ఫోనులో మాట్లాడుతూ, నదిలో అక్కడక్కడా బుడగలు వస్తుంటాయని, వాటిలో ఏవి చేపవో ఏవి కావో ఎలా తెలుస్తుందని నాన్నగారిని అడిగాను. ఆయన ఆలోచించకుండానే చెప్పారు: “బుడగలు ఒకచోటే ఆగి ఆగి పైకొస్తుంటే అది మట్టిలో గ్యాసురా. చిన్న చిన్నవి గుంపుగా వచ్చి, ఆ గుంపు మెల్లగా ముందుకు జరుగుతుంటే కింద చేప తవ్వుతున్నట్టు. నీళ్ళు ఎటు కలకబారుతున్నాయో చూడు, తల దానికి ఎదురువైపు ఉంటుంది.” పారే నీటిలో ఆ చివరి మాట ఇంకా బాగా పనిచేస్తుంది. కలక ఎప్పుడూ దిగువకు తోకలా సాగుతుంది, ఆ తోక మొదలయ్యే చోట చేప మూతి ఉంటుంది.

అలాంటి కలక ఒకటి, పెద్ద బండ వెనక నీరు సుడి తిరిగే చోట కనబడింది. లోతు మోకాలికి మించదు. కాసేపు కూర్చుని చూస్తే మసక మసకగా ఒక తోక, ఆ తోక కొస నీటి పైకి వచ్చి, ఊగి, మళ్ళీ మునిగింది. సుడిలో నీరు వెనక్కి తిరుగుతుంది కాబట్టి ఆ చేప ప్రవాహానికి ఎదురుగా కాకుండా దిగువ వైపు, అంటే నా వైపే, తల పెట్టి ఉంది. కనుక దిగువ నుంచి పోవడం కుదరదు. వెనక్కి తగ్గి, విల్లో పొదల చాటున చుట్టు తిరిగి, బండకు ఎగువగా, చేప వీపు పక్కకు వచ్చేట్టు మోకాళ్ళ మీద చేరాను. మా ఇద్దరికీ మధ్య పదిహేను అడుగుల దూరం కూడా లేదు. వెనక నది పొడవునా సైకిళ్ళ దారి ఉంది. రాడ్ వెనక్కి ఊపితే ఫ్లై ఆ దారి మీద పోయేవారికి తగలవచ్చు. అందువల్ల ఇక్కడ వెనక చూడకుండా లైన్ విసరడం అసలు చేయకూడని పని. ఇద్దరు సైకిలు మీద వెళ్ళిపోయేవరకు ఆగి, దారి ఖాళీ అయ్యాక రాడ్‌ను పక్కకు, నీటికి సమాంతరంగా ఊపాను.

ఫ్లైని చేప తల మీద వేయకూడదు. చేపకు అవతలగా, కొంచెం ముందుగా వేసి, రాడ్ కొసను పైకెత్తి, ఫ్లైని నీటి పైపొర మీద మెల్లగా ఈడ్చుకుంటూ తీసుకువచ్చి, సరిగ్గా మూతికి జానెడు ముందుకు రాగానే కొసను దించాలి. ఫ్లై అప్పుడు నిటారుగా అడుగుకు దిగుతుంది. ఈ పద్ధతిని ఇక్కడివారు డ్రాగ్ అండ్ డ్రాప్ అంటారు. చెప్పడానికి ఒక వాక్యమే కాని, కలక నీటిలో మూతి ఎక్కడుందో అంచనా కట్టి, అది కదిలే వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకుని దించడానికి చాలా నిదానం కావాలి. మేసే చేప చూపు తన మూతి ముందున్న అన్నం కంచమంత చోటు మీదే ఉంటుంది. ఫ్లై దానికి అవతల పడితే చూడదు, తల మీద పడితే పారిపోతుంది. మొదటిసారి దించినప్పుడు చేప అప్పుడే అటు తిరిగింది, ఫ్లై దాని కంట పడలేదు. తొందరపడి లాగకుండా, అది మరో మూరెడు జరిగేదాకా ఆగి, లైన్‌ను నెమ్మదిగా పైకి తీసి మళ్ళీ అదే పని చేశాను.

తర్వాత జరిగినది నాకు ఇప్పటికీ స్పష్టంగా గుర్తుంది. ఈ చేప ఫ్లైని తీసుకుంటే చేతికి ఏమీ తెలియదు. కొరకదు, లాగదు. పెదవులను గొట్టంలా ముందుకు చాచి పీల్చుకుంటుంది, గొంతులోని పళ్ళ దాకా పోకముందే తిండి కాదనిపిస్తే అంతే వేగంగా ఉమ్మేస్తుంది. అందువల్ల కంటితోనే పట్టుకోవాలి. ఫ్లై దిగిన చోట చేప ఒక్కసారి ఆగింది. వీపు మీది పొడవైన వాజం నిలబడింది. తల రెండు వేళ్ళంత కిందికి వంగింది, మొప్పల మూతలు విచ్చుకున్నాయి, మూతి దగ్గర తెల్లగా ఏదో మెరిసినట్టు అనిపించింది. ఆ తెలుపు చాచిన పెదవుల లోపలి భాగం. అప్పుడు ఎడమ చేత్తో లైన్‌ను జానెడు లాగి, రాడ్‌ను పక్కకు తిప్పాను. బరువు తగిలింది.

చేప ఒక క్షణం తల అడ్డంగా ఆడించి, సుడి దాటి ప్రవాహంలోకి దూకింది. రీల్ మీది లైన్ అంతా పోయి, అడుగున చుట్టిన నూలు కూడా కనబడింది. రాడ్ పైకి పట్టుకుంటే చేప బరువు, నది బరువు రెండూ కలిసి టిప్పెట్ మీద పడతాయి కాబట్టి, రాడ్‌ను నీటికి దగ్గరగా పక్కకు వంచి, అది ఎటు పోతే దానికి వ్యతిరేక దిశలో ఒత్తిడి పెడుతూ, ఒడ్డు వెంట దిగువకు నడిచాను. అక్కడ నీటి అడుగున పాత ఇనుప కడ్డీలు, విరిగిన కాంక్రీటు ముక్కలు ఉంటాయి, నగరపు నది కదా. వాటి వైపు పోనివ్వకూడదు. మూడుసార్లు దగ్గరకు వచ్చి మూడుసార్లూ తిరిగి పరుగెత్తింది. ప్రతి పరుగూ ముందటి దానికన్నా పొట్టిదవుతూ వచ్చి, చివరకు పక్కకు ఒరిగింది. రబ్బరు వల కిందికి పెట్టి, తల ముందుగా వచ్చేట్టు లాక్కున్నాను.

వలను నీటిలోనే ఉంచి చేతులు తడుపుకున్నాను. పొడి చేతులతో తాకితే చేప ఒంటి మీది జిగురు పొర పోయి దానికి జబ్బు చేస్తుంది. గాలం పై పెదవి మూలన, రెండు జతల మీసాల నడుమ, శుభ్రంగా పట్టుకుని ఉంది, వేలితో వెనక్కి తోయగానే వచ్చింది. రాడ్ మీద నేను గీసుకున్న గుర్తులకు ఆనించి చూస్తే పొడవు 26 అంగుళాలు. చేతి బొటనవేలి గోరుకు రెట్టింపు ఉన్న పొలుసులు, ప్రతి పొలుసు మొదట్లో నల్లని గీత, ఎండ పడ్డ వైపు ఇత్తడి రంగు, పొట్ట దగ్గర వెన్న పసుపు. మన చెరువుల్లో వలలో వందల కొద్దీ కుప్పగా చూసిన చేపే కాని, ఒక్కదాన్ని ఇంత తీరికగా చూడడం నాకు ఈ నది నేర్పింది. నీరు చల్లగా ఉండడం వల్ల ఎక్కువసేపు పట్టి ఉంచనవసరం లేకపోయింది. ఎగువ వైపు తల పెట్టి వల దించగానే, తోక ఒక్క ఊపుతో నా మోకాళ్ళు తడిపి వెళ్ళిపోయింది. ఆ చేపను తినకుండా వదలడానికి నాకు రెండు కారణాలు ఉన్నాయి. ఊరి మధ్య నుంచి వచ్చే వాననీటి కాలువలన్నీ కలిసే నది కావడం ఒకటి, సూక్ష్మజీవుల కలుషితం కారణంగా అధికారుల జాబితాలో ఉన్న నీరు కావడం రెండోది. తిరిగి వచ్చాక చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ఏదైనా తినాలని పిల్లలకు కూడా చెబుతుంటాను.

అదే సుడిలో మళ్ళీ ప్రయత్నించలేదు, కలకలం జరిగిన చోట గంట గడిచినా చేప నిలవదు. ఎగువన ఇసుక మేట దగ్గర మేస్తున్న మరో రెండు చేపలు కనబడ్డాయి. ఒకటి ఫ్లైని దగ్గరగా చూసి, వెనక వెనకే కొంత దూరం వచ్చి, చివరకు తిరిగి పోయింది. కారణం ఏమిటో చెప్పలేను. రెండోదాని దగ్గరకు చేరేలోపే ఎదుటి ఒడ్డున కుక్క ఒకటి నీళ్ళలోకి దూకడంతో ఆ ప్రాంతమంతా ఖాళీ అయింది. అప్పటికి ఎండ దక్షిణానికి వచ్చింది, ఇక చూపు ఆనలేదు.

మే నెల రెండో వారానికి క్యూసెక్కుల లెక్క పెరగడం మొదలైంది, నీరు టీ రంగుకు తిరిగింది. అప్పటికి నీటి వేడి 17, 18 డిగ్రీలకు చేరుతుంది, చేపలు గుడ్లు పెట్టడానికి గడ్డి మొలిచిన అంచులకు గుంపులుగా వచ్చి నీళ్ళు చిమ్ముతూ పొర్లుతుంటాయి. ఆ రోజుల్లో అవి మేయవు, నేనూ వాటి జోలికి పోను. ఈ సంవత్సరం నది తేరుకునేవరకు చాట్‌ఫీల్డ్ జలాశయం దక్షిణపు అంచున, పల్లంగా నీరు నిలిచే చోట్ల తిరగాలనుకుంటున్నాను. అక్కడ ప్రవాహం లేదు కాబట్టి చేప ఎటు తల పెట్టి ఉంటుందో ముందే తెలియదు, గాలి ఎటు వీస్తే అటు ఒడ్డుకు మేత చేరుతుంది. దానికోసం తుప్పురంగు ఈకతో, ఇంకొంచెం తేలిక పూసలతో కొత్త ఫ్లైలు కట్టడం మొదలుపెట్టాను.